అవకాశవాద ఇన్ఫెక్షన్లను ఇంట్లోనే పసిగట్టడం – పాఠం 3: నాలుగు ప్రశ్నలు

హెచ్‌ఐవీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అదను చూసి దాడి చేసే జబ్బులే అవకాశవాద ఇన్ఫెక్షన్లు. పోయిన పాఠంలో సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క) రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. ఆ అంకె 200 కిందికి దిగితే న్యుమోసిస్టిస్ న్యుమోనియా, 100 కిందికి దిగితే మెదడు పొరలకు పాకే క్రిప్టోకాకస్, 50 కిందికి దిగితే చూపును తీసే సీఎంవీ పొంచి ఉంటాయని చూశాం. టీబీ ఈ లెక్కకు లొంగదు. సీడీ4 400 ఉన్నవాళ్లకూ వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నదీ అదే. అందుకే ఈ పాఠమంతా టీబీకే.

మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. రోగనిరోధక కణాలు దాని చుట్టూ గోడ కట్టి ఉంచుతాయి. ఆ గోడకు మేస్త్రీలు సీడీ4 కణాలు. మేస్త్రీలు తగ్గితే గోడ బీటలు వారుతుంది.

దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో పెద్దవాళ్లను అడిగే నాలుగు ప్రశ్నలు ఇవే. ఒక్కదానికి 'ఉంది' అన్నా టీబీ పరీక్ష చేయించాలి. కానీ చాలామంది నాలుగింటికీ 'లేదు' అనేసి మందులు తీసుకుని వచ్చేస్తారు. అబద్ధమాడాలని కాదు. దగ్గు వస్తే వాతావరణం మారిందంటాం, జ్వరం వస్తే అలసటంటాం, చిక్కిపోతే టెన్షనంటాం, చెమట పడితే మందులు వేడి చేశాయంటాం. అందుకే లక్షణం పేరెత్తి అడగకండి, దాని ఆనవాలు అడగండి.

ఇది నాకు మా చిన్నాన్న దగ్గర తెలిసింది. "రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా చిన్నాన్నా?" అంటే "లేదమ్మా" అన్నాడు. నేను నమ్మి రాసేసుకున్నాను. పెరట్లో పిన్ని దిండు గలీబు ఆరేస్తూ "రోజూ ఈ ఉతుకుడే" అంది. అప్పటికి మూడు వారాలుగా పొద్దున లేచేసరికి ఆ గలీబు పిండేట్టు ఉంటోందట. ఆయన దాన్ని చెమట అనుకోలేదు, ఎండాకాలం అనుకున్నాడు. ఎండాకాలం చెమట పక్కన పడుకున్నవాళ్లకూ పడుతుంది. ఫ్యాన్ తిరుగుతున్నా ఒక్కరికే బట్టలు మార్చుకునేంత పడితే లెక్కలోకి తీసుకోవాలి.

బరువు సంగతికొస్తే, నెలకోసారి ఒకే కాటా మీద, ఒకే వేళకు చూసి పుస్తకంలో రాయండి. కాటా లేకపోతే "గాజులు జారుతున్నాయా? బెల్టుకు కొత్త రంధ్రం పొడిచారా? జాకెట్టుకు కుట్లు వేయించారా?" అని అడగండి. జ్వరం సాయంత్రాలు చూడాలి, అదీ పారాసెటమాల్ వేసుకోకముందు. మాత్ర వేసుకున్నాక థర్మామీటర్ పెడితే ఏం తెలుస్తుంది?

దగ్గు దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది. 'రెండు వారాలు దాటిన దగ్గు' అని గోడల మీద చదివాం కదా, అది హెచ్‌ఐవీ లేనివాళ్ల సంగతి. మనకు దగ్గు మూడు రోజులైనా, ఒక్కరోజైనా ఉన్నట్టే.

'ఉంది' అంటే టీబీ వచ్చేసినట్టు కాదు, పరీక్ష కావాలని మాత్రమే. తెమడ పరీక్షలో క్రిమి కనిపించకపోయినా అక్కడితో ఆగకండి. ఊపిరితిత్తుల్లో గుంతలు పడేది మన కణాలు క్రిమితో గట్టిగా పోరాడినప్పుడు. సీడీ4 బాగా తగ్గినవాళ్లలో ఆ పోరే బలహీనం కాబట్టి గుంతలు తక్కువ, తెమడలో క్రిములూ తక్కువ. ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. క్రిమి జన్యువును వెతికి పట్టే సీబీనాట్ లాంటి పరీక్షల గురించి డాక్టర్ని అడగండి.

'లేదు' అని తేలిగ్గా చెప్పడం వల్ల ఇంకో నష్టం ఉంది. నాలుగూ లేనివాళ్లకు టీబీ రాకుండా ముందుగా ఐసోనియాజిడ్ ఇస్తారు, చాలా మంచి మందు. కానీ లోపల టీబీ ఉండగా అదొక్కటే మింగితే క్రిమి ఆ మందుకు మొండికేస్తుంది.

ఏఆర్‌టీ మొదలుపెట్టిన తొలి నెలల్లో జ్వరమో, మెడ దగ్గర గడ్డో వస్తే భయపడి మందులు మానకండి. కోలుకుంటున్న కణాలు దాగున్న క్రిమిపై విరుచుకుపడినప్పుడూ అలా జరుగుతుంది. వెంటనే సెంటర్‌కు వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, తగ్గని తలనొప్పితో వాంతులైనా, మాట తడబడినా ఈ ప్రశ్నలతో పొద్దుపుచ్చవద్దు, నేరుగా ఆసుపత్రికే.

పిల్లలకు ప్రశ్నలు కొంచెం వేరు: బరువు పెరుగుతోందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్నవీ అడగాలి.

అభ్యాసం: ఒకామె ఏడాదిగా మందులు వాడుతోంది. పోయిన నెల 54 కిలోలు, ఈ నెల 51. దగ్గు లేదు. జ్వరం లేదంటుంది, కానీ రోజూ సాయంత్రం ఒళ్లు నొప్పులకని ఓ మాత్ర వేసుకుంటుంది. ఆమెను ఇంకేం అడుగుతారో, ఏం చేయమంటారో మీ పుస్తకంలో రాసి ఉంచండి. నాలుగో పాఠం దాన్ని దిద్దుకోవడంతోనే మొదలుపెడదాం, తర్వాత నోట్లో తెల్లపూత చూడటం నేర్చుకుందాం. ఒక టార్చిలైటు, చిన్న అద్దం దగ్గర పెట్టుకోండి.