మిథనాల్ రియాక్టర్ విప్పే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కార్బన్ డయాక్సైడ్‌ని మిథనాల్‌గా మార్చే రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా క్యాటలిస్ట్‌ని (చర్యను వేగంగా జరిపించే పొడిని) మెరుగుపరిచే పనిలో ఉన్నవాళ్లు రియాక్టర్ విప్పి పాత పొడి తీసి కొత్తది నింపుతూనే ఉంటారు. రన్ (ప్రయోగం) నడిచినంతసేపూ 50 బార్ పీడనం, 250 డిగ్రీలు అని కళ్లన్నీ గేజ్ మీదే ఉంటాయి. రన్ అయిపోగానే టెన్షన్ తగ్గుతుంది. నాకు ఎక్కువ భయం అప్పుడే.

నింపిన పొడి, తీసే పొడి ఒకటి కాదు. నింపింది కాపర్ ఆక్సైడ్, గాలిలో పెట్టినా ఏమీ కాదు. హైడ్రోజన్‌తో రిడక్షన్ (అందులోని ఆక్సిజన్‌ని తీసేయడం) అయ్యాక అది నానోమీటర్ల సైజు రాగి రేణువులుగా మారుతుంది. గాలి తగిలితే దానంతట అదే వేడెక్కుతుంది. మొదటి ఏడాదిలో నేను అర గ్రాము కూడా లేని పొడిని టిష్యూ పేపర్ మీద పోసుకుని తూకం దగ్గరికి నడిచాను. చేరేలోపే పేపర్ మధ్యలో గోధుమరంగు మచ్చ పడింది, వేలు చురుక్కుమంది. పక్క బల్ల మీద మిథనాల్ సీసా ఉంది. పగటి వెలుతురులో మిథనాల్ మంట సరిగా కనిపించదు కూడా.

అందుకే బెడ్‌ని, అంటే రియాక్టర్‌లో నింపిన పొడిని, నైట్రోజన్‌లో గది ఉష్ణోగ్రతకు దించండి. తర్వాత 1 శాతం లోపు ఆక్సిజన్ కలిపిన నైట్రోజన్‌ని సన్నగా వదలండి. థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) రీడింగ్ ఎక్కుతుంటే ఆక్సిజన్ ఆపేయండి, నిలకడగా ఉంటేనే కొద్దికొద్దిగా పెంచండి. తీసిన పొడి గాజు సీసాలోకి వెళ్లాలి, చెత్తబుట్టలోకి కాదు.

రిడక్షన్‌లోనూ తొందర వద్దు. అందులో వేడి పుడుతుంది. పలచటి హైడ్రోజన్‌తో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున ఎక్కించండి. బెడ్ 300 డిగ్రీలు దాటితే రాగి రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి. ఆ తర్వాత మిథనాల్ తక్కువొచ్చిందని మంచి రెసిపీని పక్కన పడేస్తాం.

మిథనాల్ తయారయ్యే చర్యలో కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో 1200 పీపీఎం (పది లక్షల వంతుల్లో 1200 వంతులు) ఉంటే ప్రాణాపాయమే. డిటెక్టర్ కాలర్‌కి పెట్టుకోండి, వెంట్ లైన్ (గ్యాస్ బయటికి పోయే గొట్టం) హుడ్‌లోకే, అంటే గాలిని బయటికి లాగేసే పెట్టెలోకే, పోవాలి. తలనొప్పిగా ఉంటే టిఫిన్ తినకపోవడం వల్లేమో అనుకుని ఊరుకోకండి. అలారం మోగితే లీకు వెతకొద్దు, ముందు బయటికి రండి.

నికెల్ క్యాటలిస్ట్ వాడుతుంటే ఇంకో మాట. చల్లారే నికెల్ మీద కార్బన్ మోనాక్సైడ్ ఉంటే నికెల్ కార్బొనైల్ అనే ఘోరమైన విషం తయారవుతుంది. కాబట్టి 200 డిగ్రీలకు దిగకముందే, పీడనం ఎక్కువుంటే ఇంకా పైనే, నైట్రోజన్‌తో మొత్తం తోసేయండి.

గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. లీక్ టెస్ట్ ముందు నైట్రోజన్‌తో, సబ్బు నీళ్లతో చేయండి.

శనివారం సాయంత్రం ల్యాబ్‌లో ఒక్కరే ఉంటే రియాక్టర్ విప్పకండి. వేడి దించి, నైట్రోజన్ నింపి, వాల్వులు మూసి ఇంటికెళ్లండి. సోమవారం దాకా ఆ పొడికి ఏమీ కాదు.