ప్రెయిరీ పొలాల్లో తొలి మంచుకు ముందే చూసుకోవాల్సినవి

ప్రెయిరీ అంటే ఉత్తర అమెరికాలోని విశాలమైన గడ్డి మైదానాలు. అక్కడ కెనడాలోని సస్కాచెవాన్, మానిటోబా, అమెరికాలోని డకోటాల వైపు అక్టోబర్ వచ్చిందంటే మంచు ఏ రోజైనా పడొచ్చు.

• పశువులను దూరపు బీళ్ల నుంచి గాలి మరుగున్న చోటికి ముందే తోలుకురండి. చలికన్నా తడి ప్రమాదం. ఒత్తుగా బొచ్చు పెరిగి ఒళ్లు పొడిగా ఉన్న ఆవు మైనస్ 7, 8 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఒళ్లు తడిస్తే 15 డిగ్రీలకే ఇబ్బంది మొదలు. 2013 అక్టోబర్‌లో సౌత్ డకోటాలో ముందు వాన, వెంటనే మంచు తుఫాను వచ్చాయి. చలికాలపు బొచ్చు ఇంకా రాని పశువులు వేలల్లో చనిపోయాయి.

• గాలి అడ్డుకు పలకలను సందు లేకుండా కొట్టొద్దు. నాలుగో వంతు ఖాళీ ఉంచండి. పూర్తిగా మూసేస్తే గాలి పైనుంచి దూకి మంచును పశువుల మీదే పోస్తుంది.

• నీళ్ల తొట్టి హీటర్ ఇప్పుడే వేసి చూడండి. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, ఒంట్లో వేడీ తగ్గుతుంది. మంచు తింటాయిలే అనుకోవద్దు, పాలిచ్చే ఆవులకు అది చాలదు.

• బిన్‌లో (ధాన్యం దాచే పెద్ద డబ్బాలో) కనోలా (ఆవాల జాతి నూనెగింజ) తేమ 8 శాతం, వేడి 15 డిగ్రీలు దాటకూడదు. బయట చలి పెరిగేకొద్దీ లోపలి వెచ్చటి గాలి పైకెక్కి, తేమ పైన నడిమధ్య చేరుతుంది. గింజ ఉండకట్టినా, ముక్కిన వాసన వచ్చినా ఆలస్యం చేయొద్దు. గింజల్లోకి మాత్రం ఒంటరిగా దిగొద్దు, కూరుకుపోతారు.

• శీతాకాలపు గోధుమ చేలో పాత కొయ్యకాళ్లు కదపొద్దు. వాటి మధ్య 10 సెంటీమీటర్ల మంచు నిలిచినా మొక్క మొదలుకు అదే దుప్పటి.

• ట్రాక్టర్‌లో చలికాలపు డీజిల్ పోయించండి. మామూలుది గడ్డకడితే మేత మోసే దారే ఉండదు.