పాత చిన్న చైన్‌సాను బాగుచేసి, దాని బలం పెంచడం ఎలా?

బలం పెరుగుతుందని సైలెన్సర్‌కి నాలుగు బెజ్జాలు పెట్టడం, కార్బొరేటర్‌ని ముట్టుకోకుండా తోటలోకి తీసుకెళ్లడం, రెండు ట్యాంకులు అవ్వకముందే పిస్టన్ పట్టేసిందని మెకానిక్ దగ్గర పడేయడం. చాలామంది చేస్తున్నది ఇదే. పైగా "పాత మిషన్ కదా, పోయింది" అంటారు. అది దానంతటది పోలేదు, మనం పోగొట్టాం. ఆ కార్బొరేటర్‌ని అరగంట ఓపిగ్గా సెట్ చేసి ఉంటే అదే మిషన్ ఇంకో పదేళ్లు పనిచేసేది.

ఇక్కడ చెప్పేది స్టిల్ కంపెనీ చైన్‌సాలు 017, 018, వాటి వెనకాల వచ్చిన ఎంఎస్ 170, ఎంఎస్ 180 గురించి. 017, 170లది 30.1 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 37 మి.మీ. 018, 180లది 31.8 సీసీ, బోరు 38 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) అన్నిటికీ 28 మి.మీ.యే. బార్ (చైన్ తిరిగే పట్టీ) లేకుండా దాదాపు నాలుగు కిలోల బరువు. వేప కొమ్మలు, సరుగుడు, తుమ్మకంప, గాలివానకి పడిపోయిన చెట్లు ముక్కలు చేయడానికి ఇంతకంటే అక్కర్లేదు. అదే డబ్బుకి 58 సీసీ అని రాసున్న పెద్ద మిషన్ కొత్తది వస్తుంది కదా అంటారు, వస్తుంది, కానీ సాయంత్రానికి నడుం పోతుంది, సామాను దొరకదు, కొమ్మల్లో తిప్పడానికి పనికిరాదు. ఈ చిన్నవాటికి ఇరవై ఏళ్ల తర్వాత కూడా ప్రతి రబ్బరు ముక్కా దొరుకుతుంది.

సామాను పెద్దగా ఏం లేదు. టీ27 స్టార్ కీ, ప్లగ్గు పానా, సన్న స్క్రూడ్రైవర్, 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి, కంప్రెషన్ గేజి, రెండు మూరల నైలాన్ తాడు. తాడెందుకంటే, క్లచ్ విప్పేటప్పుడు పిస్టన్ తిరక్కుండా ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి దోపడానికి. క్లచ్‌కి ఎడమ మర ఉంటుంది, సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. మామూలు నట్టు అనుకుని బలంగా అపసవ్యదిశలో తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.

ముందు సైలెన్సర్ ఊడదీసి ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్‌ని చూడండి. స్టార్టర్ తాడు మెల్లగా లాగుతూ పిస్టన్ కిందికీ పైకీ పోతుంటే దాని పక్క భాగం మొత్తం కనిపిస్తుంది. బూడిద రంగులో నున్నగా ఉంటే మంచిది. నిలువుగా గోళ్లతో గీరినట్టు గీతలుండి, రింగు ఆ గీతల దగ్గర గాడిలో అతుక్కుపోయి కనబడితే ఇంజిన్ విప్పాల్సిందే. తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి. గ్యాస్ (యాక్సిలరేటర్) పూర్తిగా తెరిచి, నాలుగైదుసార్లు గట్టిగా లాగితే 140, 150 పీఎస్‌ఐ రావాలి. 110 దాటకపోతే బలం గురించి మాట్లాడుకోవడం దండగ, సిలిండర్ పిస్టన్ సెట్టు మార్చండి. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి 017 లేదా 170 ఉన్నవాళ్లు 38 మి.మీ. సెట్టే వేసుకోండి. బోల్టుకి బోల్టు సరిపోతుంది, ఐదారు శాతం సీసీ ఊరికే వస్తుంది.

ఈ ఇంజిన్‌కి సిలిండర్ కింద గ్యాస్కెట్ ఉండదు. కింది పళ్లెం సిలిండర్‌కి తిన్నగా బిగుస్తుంది, మధ్యలో వేడి తట్టుకునే సీలెంట్ సన్నటి గీతలా వేయాలి. బేస్ గ్యాస్కెట్ తీసేసి కంప్రెషన్ పెంచండి అని పెద్ద మిషన్ల గురించి చెప్పే సలహా దీనికి పనికిరాదు. విప్పినప్పుడే రెండువైపులా క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్ట్ చివర్ల గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులు) కొత్తవి వేసేయండి. పాతవి బాగానే ఉన్నాయనిపించినా సరే.

పెట్రోలు గొట్టం, ఇన్‌టేక్ రబ్బరు, కార్బొరేటర్ పొరలు (డయాఫ్రమ్‌లు) కూడా అంతే, అడక్కుండా మార్చేయాలి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది ఇథనాల్ 20 శాతం దాకా కలిసిన పెట్రోలు. పాతకాలం రబ్బరుకి అది పడదు. గొట్టం ఉబ్బి మెత్తబడుతుంది, పొర గట్టిపడి పాత సినిమా రీలులా గలగలలాడుతుంది. గట్టిపడిన పొరతో ఎన్ని స్క్రూలు తిప్పినా కార్బొరేటర్ మాట వినదు.

బిగించాక గాలి లీకు చూడకుండా స్టార్ట్ చేయొద్దు. పాత ప్లగ్గు లోపలి పింగాణీ కొట్టేసి, దానికి గొట్టం తగిలించి, పాత బీపీ మిషన్ బల్బూ మీటరూ కలిపితే చాలు. ఎగ్జాస్ట్‌కీ, ఇన్‌టేక్‌కీ (కార్బొరేటర్ పంపుకి ఒత్తిడి అందించే ఇంపల్స్ రంధ్రంతో సహా) సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి బిగించి, పిస్టన్‌ని కిందికి దించి మీటరు 250 చూపేదాకా గాలి కొట్టండి. ముల్లు అక్కడే నిలబడాలి. దిగిపోతుంటే సబ్బు నీళ్లు పూయండి, బుడగలొచ్చిన చోటే మీ లీకు. లీకున్న ఇంజిన్‌కి కార్బొరేటర్ సెట్ చేయడమంటే ఇవాళ సరిపోయింది రేపు సరిపోదు, ఎండెక్కితే ఒక రకం, చల్లబడితే ఒక రకం.

ఇక సైలెన్సర్. బలం దాగి ఉన్నది ఇక్కడే, ఎందుకంటే కంపెనీ వాళ్లు చప్పుడు తగ్గించడానికి బయటికి వెళ్లే దారిని బాగా ఇరుకు చేస్తారు. దాన్ని మిషన్ మీద ఉండగా డ్రిల్ చేయకండి, ఇనుప రజను తిన్నగా సిలిండర్‌లోకి పోతుంది. ఊడదీసి, ఉన్న రంధ్రాన్ని పెద్దది చేయండి లేదా పక్కన ఇంకోటి పెట్టండి. మొత్తం కలిపి ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ నుంచి పొగ బయటికి వచ్చే రంధ్రం) వైశాల్యంలో ముప్పాతిక వంతు దాకా చాలు, అంతకు మించితే చప్పుడు పెరుగుతుంది తప్ప కోత పెరగదు. పొగ చేతివైపు, ట్యాంకువైపు, ప్లాస్టిక్ వైపు కొట్టకూడదు. నిప్పురవ్వల జాలీ మాత్రం తీయొద్దు. ఎండాకాలం ఎండుగడ్డిలో కోసేవాళ్లకి ఆ జాలీ విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కార్బొరేటర్. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

సైలెన్సర్ తెరిచాక ఇంజిన్ ఎక్కువ గాలి లాగుతుంది. పెట్రోలు మాత్రం పాత లెక్కలోనే వస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ పెట్రోల్లోనే కలిసి వస్తుంది కాబట్టి పెట్రోలు తగ్గిందంటే చల్లదనమూ తగ్గింది, పిస్టన్‌కి నూనె కూడా తగ్గింది. అసలు మోసం ఏమిటంటే, ఇలా పెట్రోలు తగ్గిన ఇంజిన్ మొదట్లో చాలా హుషారుగా ఉంటుంది. గ్యాస్ నొక్కగానే కీచుమని పైకి లేస్తుంది, "అబ్బ, ఎంత బలమొచ్చిందో" అనిపిస్తుంది. ఆ కీచుశబ్దమే పిస్టన్ మాడుతున్న శబ్దం.

170, 180ల్లో చాలావాటికి కంపెనీ కార్బొరేటర్‌లో హెచ్ స్క్రూ ఉండదు, ఫుల్ గ్యాస్‌లో వచ్చే పెట్రోలు మార్చడానికి వీలుండదు. అలాంటి కార్బొరేటర్ ఉంచుకుని సైలెన్సర్ తెరవొద్దు. ముందు హెచ్ స్క్రూ, ఎల్ స్క్రూ (తక్కువ స్పీడులో వచ్చే పెట్రోలు మార్చేది) రెండూ ఉన్న కార్బొరేటర్ సంపాదించండి, దొరక్కపోతే సైలెన్సర్ జోలికి వెళ్లకండి.

సెట్టింగ్‌కి ముందు చైన్ పదును పెట్టండి, ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టండి, మీరు రోజూ వాడే మిక్సింగే పోయండి. నా లెక్క లీటరుకి 25 మి.లీ. మంచి 2టీ ఆయిల్. ఈ లెక్క మధ్యలో మార్చకండి, ఆయిల్ ఎక్కువ పోస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గి సెట్టింగ్ తేడా వస్తుంది. బార్, చైన్ తగిలించకుండా ఫుల్ గ్యాస్ ఇవ్వొద్దు.

రెండు స్క్రూలూ మెల్లగా, ఆగేదాకా మాత్రమే లోపలికి తిప్పండి. బలంగా బిగిస్తే సూది మొన పాడై ఇక ఎప్పటికీ కుదరదు. ఎల్‌ని ఒక చుట్టు, హెచ్‌ని ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. స్టార్ట్ చేసి, మూడు నాలుగు నిమిషాలు నిజంగా కట్టె కోసి వేడెక్కించండి. చల్లటి ఇంజిన్‌కి చేసిన సెట్టింగ్ ఏదీ లెక్కలోకి రాదు.

మొదట ఎల్. ఐడిల్‌లో (గ్యాస్ నొక్కకుండా నడిచేటప్పుడు) ఎక్కడ ఎక్కువ స్పీడు వస్తుందో చూసి, అక్కడి నుంచి చుట్టులో ఎనిమిదో వంతు వెనక్కి తిప్పండి. గ్యాస్ నొక్కితే తడబడకుండా లేవాలి. తర్వాత ఐడిల్ స్క్రూతో 2,800 ఆర్‌పీఎం దగ్గర నిలపండి, చైన్ అసలు కదలకూడదు. మిషన్‌ని పక్కకి వంచితే స్పీడు మారిపోతుందా? అయితే సీలు దగ్గర ఇంకా లీకుంది, ఆపేసి వెనక్కి వెళ్లండి.

తర్వాత హెచ్. ఫుల్ గ్యాస్ రెండు మూడు సెకన్లకు మించి ఇవ్వొద్దు. ఈ దశలో చప్పుడు బరబరమని, తడిగా, రెండుసార్లకి ఒకసారి పేలుతున్నట్టు వినపడాలి. అది పెట్రోలు ఎక్కువున్న గుర్తు, మనకి కావాల్సింది అదే. ఇప్పుడు ఇరవై సెంటీమీటర్ల దుంగలో పెట్టి కోయండి. బరువు పడ్డాక కూడా బరబర పోకపోతే హెచ్‌ని చుట్టులో పదహారో వంతు లోపలికి తిప్పి మళ్లీ కోయండి. కోతలో చప్పుడు శుభ్రంగా మారి, కొంచెం పైకి ఎత్తగానే మళ్లీ బరబర మొదలైతే, అక్కడ చేయి తీసేయండి. ఇంకొంచెం తిప్పితే ఇంకొంచెం స్పీడొస్తుంది, నిజమే, వద్దు. ట్యాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటరు) ఉంటే ఖాళీగా 12,500 దగ్గర ఆపండి. కొన్ని మిషన్లకి ప్లగ్గుకి నిప్పు ఇచ్చే కాయిల్లోనే స్పీడు పరిమితి ఉంటుంది, అది నిప్పు కట్ చేసే చప్పుడు కూడా బరబరలాగే ఉంటుంది కాబట్టి ఖాళీగా విన్నది నమ్మకుండా కట్టెలో విన్నదే నమ్మండి.

ఒక ట్యాంకు కోశాక ప్లగ్గు విప్పి చూడండి. టీ రంగులో ఉంటే బాగుంది. సున్నంలా తెల్లగా ఉంటే వెంటనే హెచ్ వెనక్కి తిప్పండి. మే నెల ఎండలో సెట్ చేసిన మిషన్‌ని డిసెంబరు తెల్లవారుజామున అలాగే వాడకండి, చల్లగాలి చిక్కగా ఉంటుంది, అదే స్క్రూ మీద పెట్రోలు చాలదు. చలికాలం మొదట్లో ఇంకోసారి కట్టెలో పెట్టి వినండి.

ఇవి చేయకండి: ఎయిర్ ఫిల్టర్ తీసేయడం, చేతి గ్రైండర్‌తో పోర్టులు గీకడం, టైమింగ్ కోసం ఫ్లైవీల్ కీ అరగదీయడం. ముప్పై సీసీ ఇంజిన్‌లో పోర్టు ఒక్క మిల్లీమీటరు తప్పితే సిలిండర్ చెత్తబుట్టలోకే.

చైన్ గురించి రెండు మాటలు. పొట్టు సన్నటి పిండిలా వస్తోందంటే చైన్ మొద్దుబారింది, రేకుల్లా రావాలి. ఆకురాయిని 30 డిగ్రీల కోణంలో ముందుకే తోయండి, వెనక్కి లాగొద్దు, ప్రతి పన్నుకీ ఒకే లెక్కన రుద్దండి. కోత పన్ను ముందున్న గేజి పంటిని (ఎంత లోతుకి కోయాలో ఆపే మొనని) కోత పన్ను కంటే 0.65 మి.మీ.కి మించి కిందికి దించితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది. చైన్ బ్రేకు పనిచేస్తోందో లేదో కోతకి ముందు ప్రతిసారీ చూసుకోండి, చెవులకి మఫ్‌లు పెట్టుకోండి, తెరిచిన సైలెన్సర్ చప్పుడు మామూలుగా ఉండదు.

మొదటి రెండు ట్యాంకుల తర్వాత సైలెన్సర్ నట్లు వేడికి వదులవుతాయి, మళ్లీ బిగించండి. నెల రోజులకి పైగా పక్కన పెడుతుంటే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలినది అయిపోయి ఆగిపోయేదాకా ఐడిల్‌లో నడపండి.