వైశాఖం పెళ్లిళ్లకు మేకప్: యాభై దాటినవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

ముహూర్తాలు దగ్గరపడ్డాయి. కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, వేసుకున్న మేకప్ భోజనాల వేళ దాకానైనా నిలవాలి కదా.

• కొత్త క్రీమ్, ఫౌండేషన్, బ్లీచ్ ఏదీ పెళ్లి ముందురోజు మొదలుపెట్టొద్దు. మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. ముఖమంతా దద్దుర్లు లేస్తే ఏ కన్సీలరూ (మచ్చలు దాచే క్రీమ్) కప్పలేదు.

• పౌడర్ తగ్గించండి. వయసు పెరిగేకొద్దీ చర్మంలో నూనె తగ్గుతుంది. పౌడర్ ముడతల్లో చేరి గీతల్ని ఎత్తి చూపిస్తుంది. ముందు మాయిశ్చరైజర్ రాసి కాసేపు ఆగండి, బ్యూటీషియన్ తొందరపెట్టినా సరే. మేకప్ అయ్యాక అద్దం ముందు గట్టిగా నవ్వి చూడండి. కళ్ల పక్కన తెల్లగా గీతలు కట్టాయా? తడి స్పాంజితో అద్ది తీసేయండి. పైన ఇంకో పూత వేస్తే ఇంకా పాడవుతుంది.

• మంగుమచ్చల మీద నేరుగా లేతరంగు కన్సీలర్ వద్దు, బూడిద రంగు తేలుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ (మచ్చ నలుపును తగ్గించి చూపే క్రీమ్) పలుచగా అద్దాలి.

• ఫౌండేషన్ షేడ్ (రంగు) దవడ దగ్గర, పగటి వెలుతురులో చూసి కొనండి. షాపు లైట్లు మోసం చేస్తాయి.

• కాటుక పైరెప్పకు చాలు. కింద పెడితే చెమటకు కారుతుంది.

• ఆకారం, రంగు మారుతున్న మచ్చ ఉంటే కప్పిపెట్టొద్దు, చర్మ డాక్టరుకు చూపించండి.