జోడు పోయిన కుందేలు మళ్లీ మేత ముట్టింది: నా అనుభవం

మగది చనిపోయాక ఆడది మూలన ముడుచుకుని గడ్డి ముట్టడం మానేసింది. తోడున్నట్టు అనిపించాలని అద్దం, బొమ్మ పెట్టడం, ఒళ్లో పెట్టుకుని బుజ్జగించడం... ఏదీ పనిచేయలేదు.

ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాను. కుందేలు 10–12 గంటలు తినకపోతే పేగులు కదలడం ఆగిపోవచ్చు, దిగులేలే అని ఊరుకోకూడదు. పళ్లు, పొట్ట చూసి, సిరంజితో మేత పట్టించడం నేర్పారు.

తర్వాత మగది పడుకున్న గుడ్డను ఉతక్కుండా దీని పక్కన వేశాను. పంజరం చోటు మార్చలేదు. తెల్లవారుజామున, సందెవేళ (అవి చురుగ్గా ఉండేది అప్పుడే) దగ్గర్లో నేలమీద పడుకుని, చేతి పక్కన కొత్తిమీర, గరిక పెట్టుకుని ఫోన్ చూసుకునేదాన్ని. దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. చివరికి అదే వచ్చి నా చేతి కింద తల దూర్చింది. అప్పుడే నిమిరాను, జోడు నాకినట్టు నుదుటి మీద మెల్లగా. ఆ రాత్రి గడ్డి తింది. పొద్దున పెంటికలు మామూలు సైజులో కనిపించాయి. కుందేలు పెంచేవాళ్లకే తెలుస్తుంది ఆ సంతోషం!

మాది మనుషులకు బాగా మచ్చికైనది. బెరుకు కుందేలుకు ఇది కుదురుతుందో లేదో చెప్పలేను. సిరంజి మేత వల్లే కోలుకుందేమో కూడా. కొత్త జోడును మాత్రం తెచ్చిన రోజే అదే పంజరంలో వేయకండి, రక్తాలొచ్చేలా కొట్టుకుంటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, పక్కపక్క పంజరాల్లో అలవాటు చేయాలి.