'ఫైర్డ్' వేరు, 'లెయిడ్ ఆఫ్' వేరు

ఉద్యోగాల గురించి ఇంగ్లీషులో మాట్లాడాలంటే మాటల్ని విడివిడిగా కాకుండా జంటలుగా గుర్తుపెట్టుకోండి. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే 'అప్లై ఫర్ ఎ జాబ్'. చాలామంది ఆ 'ఫర్' మింగేస్తారు.

అసలు చిక్కంతా ఉద్యోగం పోయినప్పుడే. తెలుగులో 'తీసేశారు' అనేస్తే సరిపోతుంది, కారణం తర్వాత చెప్పుకోవచ్చు. ఇంగ్లీషులో 'ఐ వాజ్ ఫైర్డ్' అంటే తప్పేదో చేశారనో, పని సరిగ్గా చేయలేదనో ఎదుటివాళ్లు అనుకుంటారు. కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి మనుషుల్ని పంపేస్తే 'ఐ వాజ్ లెయిడ్ ఆఫ్' అనాలి. బ్రిటిష్ ఇంగ్లీషులో దీన్నే 'మేడ్ రిడండెంట్' అంటారు. ఇంటర్వ్యూ టెన్షన్‌లో ఈ రెండూ తారుమారైతే చేయని తప్పు నెత్తిన వేసుకున్నట్టే! మీ అంతట మీరే మానేస్తే 'ఐ రిజైన్డ్', లేదా 'ఐ హ్యాండెడ్ ఇన్ మై నోటీస్'.

ఇంకొకటి, నేనూ చాలాకాలం తప్పే రాశాను: ఇద్దరు ఉద్యోగుల్ని 'టూ స్టాఫ్స్' అనకూడదు. 'స్టాఫ్' అంటే అందరూ కలిసిన బృందం. విడిగా చెప్పాలంటే 'టూ మెంబర్స్ ఆఫ్ స్టాఫ్', లేదంటే హాయిగా 'టూ ఎంప్లాయీస్' అనేయండి.