అమెరికాలో మొదటి నెల: ఫోను, లాప్‌టాప్, కాగితాలు జాగ్రత్త

అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి వచ్చే మన పిల్లలు కుక్కర్ నుంచి ఆవకాయ దాకా జాబితా రాసుకుని మరీ సర్దుకుంటారు. ఫోను, లాప్‌టాప్ మాత్రం ఉన్నవి ఉన్నట్టే బ్యాగులో వేసుకుని వచ్చేస్తారు. ఇక్కడ దిగిన రోజు నుంచి బ్యాంకు, అద్దె ఇల్లు, యూనివర్సిటీ, వీసా, అన్నీ వాటి మీదే నడుస్తాయి. "ఏ వీపీఎన్ కొనాలి, ఏ యాంటీవైరస్ మంచిది" అని అడిగేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే అవి తర్వాతి సంగతి. ముందు కాపాడుకోవాల్సినవి మీ ఫోన్ నంబర్లు, మీ కాగితాల కాపీలు.

ఇండియా నంబరుతో మొదలుపెడదాం. దాన్ని వదులుకోకండి. ఆధార్, బ్యాంకు, ఎడ్యుకేషన్ లోన్, డిజిలాకర్, అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి. రీచార్జ్ చేయకుండా, వాడకుండా 90 రోజులు దాటిపోతే కంపెనీ ఆ నంబరును ఆపేసి, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోనులో మోగుతాయి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి. డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉంచండి. నెలనెలా కాకపోయినా, గడువు దాటకుండా రీచార్జ్ చేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి.

ఇక్కడ కొత్త ఐఫోన్ కొనాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో సిమ్ పెట్టే చోటే ఉండదు, అంతా ఈ-సిమ్మే, అంటే కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్. కాబట్టి పాత ఫోను అమ్మేయకుండా ఇండియా సిమ్‌ను అందులోనే ఉంచుకోవడం అన్నిటికన్నా తేలిక. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. అమెరికా నంబరు తీసుకున్నాక, ఆ నంబరు ఇచ్చిన కంపెనీ యాప్‌లోకి వెళ్లి అకౌంట్ పిన్, నంబర్ లాక్ ఆన్ చేయండి. మీ పేరు చెప్పి మీ నంబరును వేరే సిమ్‌లోకి మార్చుకునే మోసం ఇక్కడ బాగా ఉంది. నంబరు పోతే దాని వెనకే బ్యాంకూ పోతుంది.

ఇక కాగితాలు. రూమ్‌మేట్ల కోసం వెతికే వాట్సాప్ గ్రూపుల్లో పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఫొటోలు పెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. ఆ గ్రూపులో వందల మంది ఉంటారు, మీకు తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇల్లు చూడకుండా, లీజు కాగితం చదవకుండా డిపాజిట్ పంపకండి. "నేను వేరే ఊర్లో ఉన్నాను, జెల్‌లో కొట్టండి, తాళాలు కొరియర్ చేస్తాను" అన్నారంటే అక్కడితో ఆపేయండి. జెల్ అంటే ఇక్కడ బ్యాంకు యాప్ నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి, అలా మీ చేత్తో మీరే పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్ఎస్ఎన్) అంటే జీతానికి, పన్నులకు, అప్పులకు వాడే ప్రభుత్వ గుర్తింపు నంబరు. అది ఎఫ్-1 (చదువు వీసా) విద్యార్థులకు రాగానే రాదు, క్యాంపస్‌లో ఉద్యోగం దొరికాకో, చదువుకు సంబంధించిన పని అనుమతి వచ్చాకో వస్తుంది. ఆ తొమ్మిది అంకెలూ ఎవరికైనా తెలిస్తే మీ పేరు మీద అప్పు తీసుకోవచ్చు, అందుకే ఇంత చెప్పడం. కార్డును పర్సులో తిప్పకండి, ఇంట్లో దాచండి. పనిలో పెట్టుకున్న సంస్థ, బ్యాంకు, పన్నుల వ్యవహారం, వీటికి ఇవ్వక తప్పదు. ఇంటి దరఖాస్తులో కూడా అడుగుతారు. ఇల్లు నచ్చి, ఆ ఆఫీసు నిజమైనదని తేలాకే ఇవ్వండి. ఆఫర్ లెటర్ చేతికి రాకముందే పాస్‌పోర్టు, వీసా, ఎస్ఎస్ఎన్ అన్నీ ఈమెయిల్ చేయమనే కన్సల్టెన్సీలకు "ఆఫర్ వచ్చాక ఇస్తాను" అని చెప్పండి. నిజమైన ఉద్యోగమైతే అంత మాత్రానికి పోదు. రెజ్యూమెలో పుట్టినతేదీ, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు ఇక్కడ ఎవరూ రాయరు, తీసేయండి.

ఎస్ఎస్ఎన్ వచ్చాక, జనం అప్పుల చరిత్ర దాచే ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ కంపెనీల వెబ్‌సైట్లలో విడివిడిగా క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకోండి, అంటే మీ పేరు మీద వేరేవాళ్లు కొత్త అప్పు తీసుకోకుండా తాళం వేయడం. 2017లో ఈక్విఫ్యాక్స్ నుంచే 14 కోట్లకు పైగా మనుషుల వివరాలు దొంగల పాలయ్యాయి. 2018 సెప్టెంబరు నుంచి ఫ్రీజ్ పెట్టడం, తీయడం రెండూ చట్టప్రకారం ఉచితం. క్రెడిట్ కార్డుకు అప్లై చేసే రోజు ఆన్‌లైన్‌లో తీయమంటే గంటలోపు తీస్తారు. డబ్బులు కట్టే ప్లాన్లు అక్కడే ఊరిస్తాయి, అవి అక్కర్లేదు.

లాప్‌టాప్ ఇండియాలో కొని, షాపువాళ్ల చేత సాఫ్ట్‌వేర్ వేయించుకుని వస్తుంటారు. దొంగ విండోస్, దొంగ ఆఫీస్ వేసిన మిషన్ మీద బ్యాంకు తెరవకండి. వాటిని నడిపించడానికి వేసే యాక్టివేటర్లలో వైరస్‌లు దాగి ఉండొచ్చు. చాలా యూనివర్సిటీలు మైక్రోసాఫ్ట్ 365ను విద్యార్థులకు ఉచితంగా ఇస్తాయి. అసలైన విండోస్ 11తో మొత్తం చెరిపి కొత్తగా పెట్టుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. తర్వాత డిస్క్ ఎన్‌క్రిప్షన్ (లోపలి ఫైళ్లకు తాళం) ఆన్ చేయండి: విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. లైబ్రరీలోనో బస్సులోనో లాప్‌టాప్ పోయినా అందులోని కాగితాలు దొంగకు కనబడవు. ఆ తాళం తీసే రికవరీ కీని అదే లాప్‌టాప్‌లో దాస్తే లాభం లేదు, ప్రింట్ తీసి పెట్టెలో పెట్టుకోండి. పాస్‌వర్డ్‌లకు బిట్‌వార్డెన్ లాంటి మేనేజర్ చాలు, ఉచిత ప్లాన్‌తోనే గడిచిపోతుంది. తెలుగు టైపింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ దించుకోనక్కర్లేదు, విండోస్ సెట్టింగ్స్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది.

క్యాంపస్‌లో ఎడ్యూరోమ్ అనే యూనివర్సిటీల వైఫై ఉంటే మీ యూనివర్సిటీ ఇచ్చే ఇన్‌స్టాలర్‌తోనే పెట్టుకోండి. ఆ లాగిన్‌తో దాన్ని వాడే వేరే యూనివర్సిటీల్లో కూడా వైఫై వస్తుంది. టొరెంట్‌లో తెలుగు సినిమాలు దించే అలవాటు మాత్రం విమానం ఎక్కే ముందే మానేయాలి. ఇక్కడ హక్కుదారులు ఐపీ అడ్రస్ పట్టుకుని నోటీసు పంపుతారు, యూనివర్సిటీ మీ నెట్ ఆపేసి వివరణ అడుగుతుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే ఆ నోటీసు కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ రూమ్‌మేట్‌కు వస్తుంది.

సోషల్ మీడియా విషయంలో అన్నీ దాచేయమని చెప్పలేను. ఎఫ్, ఎం, జె అనే చదువు, ఎక్స్‌ఛేంజ్ వీసాలకు అప్లై చేసేవాళ్లు తమ ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ 2025 జూన్‌లో ప్రకటించింది. అంచేత ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, పుట్టినతేదీ, బోర్డింగ్ పాస్ ఫొటోల్లాంటివి ముందే తీసేయండి.

ఐ-94 అంటే మీరు అమెరికాలోకి వచ్చిన రికార్డు, దాని ప్రింట్ ఉచితం. డాట్ గవ్‌తో ముగిసే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. యూనివర్సిటీ మెయిల్‌కు "వారానికి కొద్ది గంటల పని" అంటూ చెక్కు పంపి, అందులో కొంత తిరిగి పంపమనేవాళ్లు వస్తారు. ఆ చెక్కు కొన్ని రోజులకు బౌన్స్ అవుతుంది, మీరు పంపిన డబ్బు పోతుంది. మీరు లాగిన్ కాకుండానే ఫోనులో "అప్రూవ్ చేయాలా" అని వస్తే నొక్కకండి, వెంటనే పాస్‌వర్డ్ మార్చేయండి.

ఇమ్మిగ్రేషన్ నుంచి, ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) నుంచి అంటూ ఫోన్ చేసి, అరెస్టు చేస్తామని బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనమనే మోసం ఇక్కడ పాతదే. స్క్రీన్ మీద ప్రభుత్వ నంబరే కనిపించినా నమ్మకండి, ఆ నంబరును దొంగగా చూపించడం కష్టం కాదు. ఫోన్ పెట్టేసి మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పండి. వివరాలు ఇచ్చేసి ఉంటే ఐడెంటిటీ థెఫ్ట్ డాట్ గవ్‌లో ఫిర్యాదు చేయండి, ఏం చేయాలో వరసగా అక్కడే చెబుతుంది. సిగ్గుపడి దాచుకుంటే నష్టం పెరుగుతుంది.

ఇలాంటి కాల్సే ఇండియాలో అమ్మానాన్నలకు కూడా వస్తుంటాయి, మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారని. మీకు ఇక్కడ రాత్రి, ఫోను సైలెంట్‌లో ఉంటుంది, వాళ్లు టెన్షన్‌లో ఉన్నదంతా పంపేస్తారు. ఇద్దరు రూమ్‌మేట్ల నంబర్లు ఈ వారమే ఇంటికి ఇవ్వండి. ఎవరేం చెప్పినా ముందు ఆ ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేసి అడిగాకే పైసా పంపాలని అమ్మానాన్నలతో మాట తీసుకోండి.